నల్ల సంచీ

రాత్రి అచ్యుతరావు తలుపు తీసేసరికి మొక్క మీద మళ్ళీ చెత్త సంచీ కప్పి ఉంది.

వరసగా ఇది నాలుగో రోజు.

అసలే ఆయనకి కోపం ముక్కు మీద ఉంటుంది. మందుల కంపెనీలో రిటైరయ్యాక దాన్ని చూపించడానికి భార్య భానుమతి తప్ప ఎవరూ మిగల్లేదు. ఆవిడేమో చెల్లెలి ఆపరేషన్‌కని విజయవాడ వెళ్ళింది.

"గుమ్మం ముందు మొక్కకి వారానికోసారి నీళ్ళు పొయ్యండి. అది చచ్చిందో, మీతో మాట్లాడను," అని మరీ చెప్పి వెళ్ళింది.

వాళ్ళుండేది అమెరికాలో, జెర్సీ సిటీలో పద్నాలుగో అంతస్తు. తలుపు ఎదురుగా కారిడార్ కిటికీలో ఆ కుండీ. రెండేళ్ళుగా భానుమతి ప్రాణంగా చూసుకుంటున్న క్రిస్మస్ కాక్టస్. ముళ్ళుండవు, చలికాలంలో పూస్తుంది.

మర్నాడు ఆయన కాపు కాశాడు.

సాయంత్రం ఆరింటికి క్లీనింగ్ చేసే ఇనెస్ వచ్చింది. బ్రెజిల్ మనిషి, ఇంగ్లీషు అంతంతమాత్రం. కుండీ మీద నల్ల సంచీ కప్పింది.

"ఏయ్! అదేమన్నా చెత్తబుట్టా? మై వైఫ్స్ ప్లాంట్!"

"నో సార్... లైట్ నో గుడ్. డార్క్... ఫ్లవర్," అంటూ పైనున్న లైటు చూపించింది.

"డార్కూ లేదు, గీర్కూ లేదు!"

ఆమె ఇంకేదో అనబోయింది. ఆయన అననివ్వలేదు. సంచీ చింపి ఆమె కాళ్ళ ముందు విసిరాడు.

ఆమె ఆ ముక్కలు ఏరుకుని, ఒక్కసారి మొక్కని నిమిరి వెళ్ళిపోయింది. ఆ నిమరడం చూసి ఆయనకి ఒళ్ళు ఇంకా మండింది.

వెంటనే మేనేజ్‌మెంట్‌కి ఈమెయిల్ పెట్టాడు, ఫోటోలతో సహా.

సోమవారం కొత్త క్లీనర్ వచ్చాడు.

అచ్యుతరావు గెలిచినంత సంబరంగా భార్యకి ఫోన్ చేశాడు.

"నీ మొక్క మీద రోజూ చెత్త సంచీ కప్పే ఆ క్లీనింగ్ మనిషిని పనిలోంచి తీయించేశాను భానూ! నీ మొక్కకి ఇంక ఢోకా లేదు."





"కారిడార్‌లో రాత్రంతా లైట్లేనండీ. ఈ నెలల్లో దానికి చీకటి కావాలి, లేకపోతే మొగ్గ తొడగదు. అందుకే ఆవిడ సాయంత్రం కప్పేది. పొద్దున్నే వచ్చి తీసేది."

"మరి నాకు చెప్పి చావలేదేం?"

"మీరెప్పుడైనా విన్నారా? ముందు ఆవిడ ఫోన్ నంబర్ కనుక్కోండి."

"కాంట్రాక్టు మనిషట. ఎటు పోయిందో ఆఫీసులో ఎవరికీ తెలీదు. అయినా ఎందుకు? సారీ చెప్పాలా నేను?"

"మీ సారీ ఎవడిక్కావాలి!" భానుమతి అరిచింది. "మొక్క ఇచ్చెయ్యాలి. నేను నీళ్ళు పోసేదాన్ని, అంతే. అది ఆవిడ మొక్కండీ, వాళ్ళమ్మ పెంచింది. తనుండే బేస్‌మెంట్ గదిలో ఎండ రాదని మన గుమ్మం ముందు పెట్టుకుంది!"