అలలు లేని చోట

“అంతటా అలలు విరుగుతుంటే, ఆ ఒక్కచోట నీళ్లెందుకు అంత నిశ్చలంగా ఉన్నాయి?”

రాజేశ్వరమ్మ ఆ ప్రశ్న వేయడం ఇది రెండోసారి. ట్రేల మీది ఫాయిల్ తీస్తున్నప్పుడు ఒకసారి అడిగింది. ప్లెయిన్స్‌బరో నుంచి న్యూజెర్సీ తీరానికి పిక్నిక్‌కు వచ్చిన నాలుగు కుటుంబాలూ అప్పుడు ప్లేట్లు అందుకునే పనిలో పడ్డాయి.

“అదే కదా పిన్నిగారూ అందం!” అన్నాడు దామోదర్. పిక్నిక్ ఏర్పాట్లన్నీ ఆయనవే కనుక సముద్రం కూడా తన ఏర్పాటే అన్నంత ధీమాగా ఉన్నాడు. “అటు చూడండి, జెండాల మధ్య జాతర. పైగా తలెత్తు అలలు. ఇక్కడైతే స్విమ్మింగ్ పూల్ లాగా ఉంది. పిల్లలకి ఇదే సేఫ్.”

కాస్త దూరంలో వాలంటీర్ లైఫ్‌సేవింగ్ క్లబ్ వారి గుడారం ఉంది. ఏడాదికోసారి ఊరివాళ్ల కోసం వాళ్లు జరిపే వేడుక ఆ రోజే. పిల్లలకు ఇసుకలో పరుగుపందేలు, పెద్దలకు ప్రాణరక్షణ పాఠాలు. రెండు జెండాలు పాతి, వాటి మధ్యనే నీళ్లలోకి దిగమని మైకులో చెబుతూనే ఉన్నారు.

“ఇక్కడ నీళ్లు ఒడ్డుకు రావు దామోదర్, లోపలికి పోతాయి. అందుకే అల విరగదు. జెండాల మధ్యకు పోదాం,” అంది రాజేశ్వరమ్మ.

“వాట్సాప్‌లో వచ్చిందా పిన్నిగారూ?”

అందరూ నవ్వారు.

“నేను కృష్ణలో ఈదినవాణ్ణండీ. మోకాలి లోతు, ఒక్క ఫొటో, అంతే. కమాన్ కిడ్స్, హోల్డ్ హ్యాండ్స్!”

రాజేశ్వరమ్మ కోడలు ఉజ్వల నవ్వలేదు. అడ్డూ చెప్పలేదు. చేతులు పట్టుకున్న పిల్లల గొలుసులో ఆమె కూతురు, ఆరేళ్ల ఇషా, అందరికన్నా ముందుంది. అత్తగారికి అలల సంగతి ఎలా తెలుసునన్న కుతూహలం ఒకవైపు, అంతమందిలో దామోదర్‌ను కాదంటే ఏమనుకుంటారోనన్న మొహమాటం మరొకవైపు. మనవాళ్లలో నీళ్లకన్నా ఎక్కువమందిని ముంచింది ఆ మొహమాటమే.

“నిజంగా డేంజరా అత్తయ్యా? మీకెలా తెలుసు?” అని గుసగుసగా అడిగింది.

“తెలుసుకోవడం తరవాత. ముందు పిల్లను వెనక్కి పిలువు.”

“ఇషా, వచ్చేయమ్మా!” అంది ఉజ్వల. ఆ గొంతు ఆమెకే సరిగా వినిపించలేదు.

“అరె, జస్ట్ వన్ ఫొటో ఉజ్వలా! నేనున్నా కదా!” దామోదర్ ఇషా చేయి పట్టుకుని నీటి అంచుకు చేరాడు.

రాజేశ్వరమ్మ కళ్లజోడు తీసి కోడలి చేతిలో పెట్టింది. చెప్పులు విడిచింది. పిల్లలను దాటుకొని, కట్టుబట్టలతోనే నీళ్లలోకి నడిచింది. మోకాళ్లు మునిగాయి. నడుము మునిగింది. ఆ పైన ఆమె నడవలేదు, నీళ్లే ఆమెను తీసుకుపోయాయి.

చేయి కొట్టలేదు, కాలు ఆడించలేదు. వెల్లకిలా తేలుతూ, చూస్తుండగానే చిన్నదైపోయింది. దామోదర్ ఇషా చేయి వదిలేసి, రెండడుగులు వెనక్కి వేశాడు. ఉజ్వల పరుగున వెళ్లి పిల్లను చంకనేసుకుని కేక పెట్టింది. ఈసారి ఆ గొంతు తీరమంతా వినిపించింది.

దూరాన నీళ్ల మీద రాజేశ్వరమ్మ చేయి ఒక్కటే పైకి లేచింది, సాయం కోరే సైగలా. విజిల్ మోగింది. ఎర్రటి ఫ్లోట్‌తో క్లబ్‌లోని తెలుగమ్మాయి ఆద్య నీళ్లలోకి దూకింది. రాజేశ్వరమ్మను అందుకున్నాక తిన్నగా ఒడ్డుకు ఎదురీదలేదు. పక్కకు లాక్కెళ్లి, అలలు విరిగేచోటి నుంచి బయటికి తెచ్చింది.

“ఈత రాదు కదా అత్తయ్యా మీకు!” ఉజ్వల ఏడుస్తూ ఆమెను పట్టుకుని కుదిపింది. “ఏమైనా అయ్యుంటే?”

ఆద్య ఇంకా రొప్పుతూనే ఉంది. భయం తీరి, కోపం మొదలైంది.

“రాజేశ్వరి ఆంటీ! ఇవాళ మీ టర్న్ కాదు! ఎవ్రీ ఫ్రైడే పూల్‌లో మా రెస్క్యూ ప్రాక్టీస్‌కి డ్రౌన్ అయినట్టు యాక్ట్ చేసేది మీరే, ఓకే. కానీ రియల్ ఓషన్‌లోకి ఎవరు వెళ్లమన్నారు?”

ఉజ్వల ఏడుపు ఆగిపోయింది.

“ఫ్రైడేనా? నేను డ్రాప్ చేసేది యోగా క్లాస్‌కి కదా!”

“యోగానే,” అంది రాజేశ్వరమ్మ, జుట్టు పిండుకుంటూ. “శవాసనం. కాకపోతే నీళ్ల మీద.”

ఆమెది దుస్సాహసమని తీర్పు చెప్పదలచుకున్న పాఠకులారా, ముందుగా ఆ పూట దామోదర్‌ను ఆపగలిగి ఉండే వాక్యం ఒక్కటి రాసి చూపండి.