పెట్టె మీద బొట్లు

"నీరజ్, ఒక్కసారి కిందికి రా. మీ అమ్మగారు ఏం చేశారో చూడు."

నైనిక గొంతు విని నీరజ్ నోట్లో బ్రష్‌తోనే మెట్లు దిగాడు. నిన్న సాయంత్రం పక్కింటాయన సాయంతో మోసుకొచ్చిన పాత పెట్టె హాలు మధ్యలో ఉంది. దాని మీదుండాల్సిన మందపాటి గుడ్డ తొడుగుని ఎవరో తీసి, చక్కగా మడతపెట్టి సోఫా మీద పెట్టారు. మూత మీద వరుసగా ఐదు పసుపు బొట్లు, వాటి నడుమ కుంకుమ.

ఎవరో ఏమిటి, ఆ ఇంట్లో అలాంటి పనులు చేసేది ఒక్కరే. నీరజ్ వాళ్ళమ్మ దమయంతి అమెరికాలో ఈ అల్ఫారెట్టా ఊరికి వచ్చిన కొత్తలోనే కారుకి బొట్లు పెట్టింది, డిష్‌వాషర్‌కి పెట్టింది. చివరికి ఆఫీసు వాళ్ళిచ్చిన లాప్‌టాప్‌ని కూడా వదల్లేదు.

"అమ్మేది?"

"తార ఆంటీ వాళ్ళ కార్‌లో టెంపుల్‌కి. పెట్టాల్సినవి పెట్టేసి హాయిగా వెళ్ళిపోయారు."

"పోనీలే, బొట్లే కదా."

"బొట్లే కదానా? ఇంకాసేపట్లో మార్గో వస్తోంది. దర్వాల్ కంపెనీ ఆర్కైవ్స్ నుంచి, ఈ పెట్టె కోసం న్యూయార్క్‌లో ఫ్లైట్ ఎక్కి మరీ వస్తోంది. ఆవిడే తొడుగు తీయాలని నేను నిన్న ముట్టుకోను కూడా లేదు."

నీరజ్ నోరు కడుక్కునే వంకతో పైకి జారుకున్నాడు.

నైనిక బాధ నైనికది. డిపెండెంట్ వీసా మీద ఇంట్లో కూర్చున్న ఇన్నేళ్ళూ ఆమె పిచ్చిపట్టినట్టు చదివింది ఒక్క దర్వాల్ చరిత్రే. పారిస్‌లో గుర్రపు జీన్లు కుట్టే ఒక ముసలాయన పెట్టిన దుకాణం అది. ఓడ ప్రయాణాల రోజుల్లో పెట్టెలకి పేరుపడి, తర్వాత హ్యాండ్‌బ్యాగులకీ గౌన్లకీ ఎదిగింది. ఆ రోజుల్లో ఒకే మాదిరివి మూడు పెట్టెలు చేస్తే, రెండు కంపెనీ దగ్గరే ఉన్నాయి. మూడోది ఎవరు కొన్నారో, ఎక్కడ మాయమైందో వాళ్ళు ఎన్నడూ బయటపెట్టలేదు. మొన్న పక్క ఊరు రోజ్‌వెల్‌లో ఒక పాత ఇంట్లో సామాన్లు అమ్ముతుంటే నైనిక ఈ తొడుగు అంచు పైకెత్తి చూసింది. తాళం మీద దర్వాల్ ముద్ర కనపడింది. ఫొటో పంపితే మార్గో ఒకటే మాటంది. "అదే మూడో పెట్టె అయితే, మా చరిత్ర మీద పెట్టే ఎగ్జిబిషన్‌లో నీకు జాబ్ ఖాయం." వర్క్ పర్మిట్ వచ్చాక నైనికకి తగిలిన మొదటి అవకాశం ఇదే.

ఇంకేముంది, లెదర్ క్లీనర్ తెచ్చి తోమడం మొదలుపెట్టింది. పసుపులో అత్తగారు ఏం కలిపారో గానీ ఒక పట్టాన వదల్లేదు. గోటితో గీకి, మళ్ళీ తోమి, మూత అద్దంలా మెరిసేదాకా ఊరుకోలేదు. అత్తగారు రాగానే అడగాల్సిన నాలుగు మాటలూ ఈలోగా మనసులో సిద్ధం చేసుకుంది.

మార్గో వచ్చింది. గ్లవ్స్ తొడుక్కుని తాళం చూసింది, లోపలి పట్టు గుడ్డ తడిమింది, మొహం విప్పారింది. ఆఖరున మూత మీదికి టార్చ్ వేసి ఈ చివర నుంచి ఆ చివరిదాకా వెతికింది. నవ్వు మాయమైంది.

"సారీ నైనికా. ఇది ఆ పెట్టె కాదు."

"అదేంటి? తాళం మీ కంపెనీదే కదా?"

"తాళాలు, చెక్క, గుడ్డ, అన్నీ అచ్చంగా దించేసేవాళ్ళున్నారు. అందుకే ఒక్క గుర్తు మాత్రం మేం ఎవరికీ చెప్పం. ఇందులో అది లేదు."

"ఏం గుర్తు? కాదని తేలిపోయింది కదా, ఇప్పుడైనా చెప్పండి."

మార్గో జాలిపడి టాబ్లెట్ తీసింది. పాత నలుపు తెలుపు ఫొటో. మేడ వసారాలో పట్టుచీర కట్టుకున్న ఒక పెద్దావిడ, పక్కన అచ్చం ఇలాంటి పెట్టే. మూత మీద ఐదు బొట్లు.

"మీ ఇండియాలో గోదావరి వైపు ఒక రాణి కొన్నారు. పెట్టె ఇంటికి రాగానే వాళ్ళ ఆచారం ప్రకారం పసుపుతో ఇవి పెట్టారట. చెరిగిపోకుండా పైన తొడుగు కుట్టించి, తన ప్రాణం నిలబెట్టిన అమెరికన్ డాక్టరమ్మకి అలాగే ఇచ్చేశారు."

నైనిక తను తోమిన మూత మీద చెయ్యి వేసింది. "బొట్లు ఉన్నాయి... అంటే, పొద్దున మా అత్తగారు పెట్టారు. నేనే తుడిచేశాను."

"ఇవాళ పెట్టినవి లెక్కలోకి రావు కదా," అంది మార్గో, బ్యాగ్ సర్దుకుంటూ.

తలుపు తీసుకుని దమయంతి ప్రసాదం పొట్లంతో లోపలికి వచ్చింది. నైనిక ఎదురెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది. పొద్దున్నుంచీ దాచిపెట్టిన కోపం ఎటు పోయిందో, ఇప్పుడామెకి కావాల్సింది ఒక్క 'అవును'. అత్తగారు అవునంటే చాలు, ఇది ఉత్త నకలు పెట్టె అయిపోతుంది, తన చేతులతో తను చేసుకున్నది ఏమీ ఉండదు.

"అత్తయ్యా, ఈ పెట్టెకి బొట్లు పెట్టింది మీరే కదా? నేనేమీ అనను, చెప్పండి."

దమయంతి మెరుస్తున్న మూత వంక చూసి తెల్లబోయింది.

"నేనెక్కడ పెట్టానమ్మా, పెడదామని తొడుగు తీస్తే అప్పటికే ఉన్నాయి, నువ్వే పెట్టావనుకుని మురిసిపోయి నీ పేరున అర్చన చేయించి వస్తున్నాను."