ఉతకని మేజోళ్ళు

"ఆ మేజోళ్ళు ఇవాళ ఉతకాల్సిందే," అంది విల్మా.

"ముట్టుకున్నావంటే ఊరంతా వచ్చి మన గుమ్మం ముందు కూర్చుంటుంది," అన్నాడు ఓరిన్, కాగితాల్లోంచి తలెత్తకుండానే.

మేజోళ్ళు ఓరిన్‌వి కావు, ఇంట్లో ఉంటున్న ఎల్విన్‌వి. టాలివర్ మ్యూల్స్ బేస్‌బాల్ జట్టు కుర్రాళ్ళను ఆటల కాలం ముగిసేదాకా ఊళ్ళోవాళ్ళే తలా ఒకరిని ఇంట్లో పెట్టుకుని మేపుతారు. ఎల్విన్ వచ్చిన కొత్తలో విల్మాయే ఎర్ర ఉన్నితో వాటిని అల్లి ఇచ్చింది. ఒకసారి ఉతికి కూడా పెట్టింది. ఆ తర్వాత అతను వాటిని ఉతకనివ్వలేదు. అప్పటినుంచి ప్రతి ఆటలోనూ బంతిని చితక్కొడుతున్నాడు. కలిసొస్తున్నన్నాళ్ళూ ఒంటిమీది గుడ్డ ఉతక్కూడదన్నది బేస్‌బాల్ ఆడేవాళ్ళ నియమం కనుక, ఎందుకని ఎవరూ అడగలేదు. వరండాలో వేలాడే వాటి కంపుకు పక్కింటి కుక్క దారి మార్చుకుంది.

ఓరిన్ ఆ జట్టు చరిత్ర రాస్తున్నాడు. వంటింటి బల్ల సగం దానిదే. అధ్యాయాలన్నీ ఒకలాగే ముగుస్తాయి: మ్యూల్స్ కప్పు దగ్గరదాకా వచ్చారు, ఆగస్టులో పెద్ద జట్టువాళ్ళు మంచి ఆటగాణ్ణి పట్టుకుపోయారు, మ్యూల్స్ ఓడిపోయారు. కుర్రాళ్ళకు జీతమిచ్చేది వాళ్ళే కనుక అడగడానికి నోరు లేదు. జట్టు ఆఫీసు బీరువాలో మెరుస్తున్న ఒకే ఒక్క కప్పు, పంది మాంసం కాల్చే పోటీలో వంటవాడు గెలిచింది. ఓరిన్ తండ్రి అసలు కప్పు చూడకుండానే పోయాడు. తనకూ అదే రాసిపెట్టి ఉందని ఓరిన్ ఈ మధ్య భోజనాల దగ్గర కూడా అంటున్నాడు.

ఇప్పుడు మళ్ళీ ఆగస్టు. శనివారం కప్పు ఆట. పెద్ద జట్టు మనిషి ఒకసారి వచ్చి, ఎల్విన్ ఆట చూసి, పెదవి విరిచి వెళ్ళాడు. మళ్ళీ వస్తాడని ఊరంతా బెంగ.

విల్మా లెక్క సులువైనది. శనివారం దాకా ఆ మేజోళ్ళు లేక ఎల్విన్ కాస్త పాడుగా ఆడితే చాలు, ఆ మనిషి ఇంకో ఊరు చూసుకుంటాడు. శనివారం పొద్దున మేజోళ్ళు సోఫా వెనక దొరుకుతాయి. భర్త కప్పు చూస్తాడు. ఆ సాయంత్రమే వాటిని మైనపుగుడ్డలో చుట్టి, ఐసుపెట్టెలో చేపల అడుగున దాచేసింది.

మర్నాడు ఊరు అట్టుడికింది. ఎల్విన్ మాత్రం "పోయాయా?" అని ఊరుకున్నాడు. దుఃఖం మింగుకుంటున్నాడు పాపం, అనుకుంది విల్మా. షెరీఫ్ వచ్చి వరండా పరీక్షించి, రెండోసారి వడ్డించిన పీచ్ పళ్ళ తీపిరొట్టె కూడా ముగించి, ఇది పక్క ఊరు ప్రూయిట్ వాళ్ళ పనేనని తేల్చేశాడు. సాక్ష్యమేదని విల్మా అడిగితే, ప్రూయిట్ వాళ్ళని తెలుసు కదా, ఇంకా సాక్ష్యం దేనికి అన్నాడు.

ఆ రోజు ఆటలో ఎల్విన్ బ్యాటు ఎప్పటిలాగే ఆడింది. కానీ కొట్టాక అతను పరుగెత్తిన తీరు ఊరెన్నడూ చూడలేదు. బంతి చేతికొచ్చేసరికి ప్రూయిట్ వాళ్ళకు అతని వెనక లేచిన దుమ్మే మిగిలింది. దిగులు మనిషినిలా కూడా పరిగెత్తిస్తుందా అని విల్మా ఆశ్చర్యపోయింది. పెద్ద జట్టు మనిషి మళ్ళీ వచ్చాడు. ఈసారి కూర్చున్నచోట నుంచి లేచి నిలబడ్డాడు.

గురువారం రాత్రి భోజనాల దగ్గర ఎల్విన్ ఫోర్కు కింద పెట్టాడు.

"రేపు పొద్దున బస్సుకు వెళ్ళిపోతున్నానండీ. పెద్ద జట్టు పిలిచింది."

ఓరిన్ కాగితాలు దగ్గరకు లాక్కుని, ఎన్నోసార్లు రాసిన వాక్యమే మళ్ళీ రాయడం మొదలుపెట్టాడు.

"ఆ మేజోళ్ళు లేకుండా అక్కడ ఎలా ఆడతావు నాయనా?" అంది విల్మా.

ఎల్విన్ మొహమాటంగా నవ్వాడు.

"కొట్టడం బాగుంది గానీ పరుగు మందం అని ఇన్నాళ్ళూ వదిలేశారటమ్మా, మీరు వేడినీళ్ళలో ఉతికాక ఆ మేజోళ్ళు కుంచించుకుపోయి వేళ్ళు నలిగిపోయేవి, మళ్ళీ ఉతికితే అసలే ఎక్కవని మాన్పించాను, తొడక్కపోతే మీరు నొచ్చుకుంటారని తొడిగాను, ఆ దొంగెవరో గానీ నా పాలిట దేవుడు."