ఐదు గంటల బ్యాటరీ

అచ్యుతరామారావు గారు ఇంటికి వచ్చేసరికి భవానీపురంలో కరెంటు లేదు. ఆయన స్వయంగా తయారుచేసిన బ్యాటరీ మీద నడవవలసిన ఆక్సిజన్ యంత్రమూ ఆగి ఉంది. భార్య ఇందిరాదేవి పెదవులు నీలిబారాయి.

ఆయన స్విచ్చి వేయగానే యంత్రం నడిచింది.

"పనిచేస్తోందిగా! ఎందుకాపావు?"

"వరసగా నడిపితే గంటకే బ్యాటరీ అయిపోతోందని కూత పెడుతోందండీ. ఆపుతూ వేస్తూ లాగిస్తున్నాను."

"నాతో చెప్పాలా వద్దా?"

"ఐదు గంటలొచ్చిందని వీధంతా చెప్పుకొచ్చారు. ఫిజిక్సు మేష్టారాయె, కాదంటే నవ్వులపాలవరూ!"

ఆయన నోటుబుక్కు తెరిచారు. బ్యాటరీకి ఎనిమిది పరీక్షలు, అన్నిటా ఐదు గంటలే, అన్నీ ఆమె చెప్పగా రాసుకున్నవే. ఒక్కటీ పక్కన కూర్చుని చూసినది కాదు.

పేజీ మొత్తం కొట్టివేసి, ఫోను అందుకున్నారు.

"ఎవరికండీ?"

"అంబులెన్సుకి. ఈసారి కూత దాకా ఆగను."