మల్లెలు అయిపోయాక

"మా అందరి దగ్గరా కొమ్మలు పట్టుకెళ్ళారు. మీ తోట ఒక్కసారైనా చూపించారా, రాణిగారూ?"

అనూరాధ నవ్వుతూనే అడిగింది. నవ్వుతూ అడిగితే తిట్టినట్టు ఉండదని ఆవిడ నమ్మకం.

మధురవాడలో ఆ అపార్ట్‌మెంట్ హాల్లో కూర్చున్న మిద్దెతోటల ఆడవాళ్ళంతా ఒక్కసారి తల తిప్పి చూశారు.

నెలకోసారి జరిగే ఆ సమావేశానికి అనూరాధే పెద్ద దిక్కు. అక్కడ ఒకటే కట్టుబాటు. ఒక మొక్క పట్టుకెళ్ళినవాళ్ళు ఇంకో మొక్క తెచ్చి ఇవ్వాలి. గాజువాక నుంచి రెండు బస్సులు మారి వచ్చే రాణి మాత్రం పట్టుకెళ్ళడమే గానీ తెచ్చింది లేదు.

"నాకు తోట నేదండి," అంది రాణి.

"మరి మా మొక్కలన్నీ ఏం చేస్తున్నారు? అమ్ముకుంటున్నారా?"

ఎవరో కిసుక్కున నవ్వారు.

"అమ్మడం నేదండి. ఒక సోట నాటతన్నాను." రాణి చేతిసంచి ఒళ్ళోకి లాక్కుంది. "ఈపాలికి సామంతి పిలకలు ఇయ్యండి, సాలు. మల్లెలు అయిపోయాక తల్లో పెట్టుకోడానికి పూలు దొరకవు. కనకాంబరం, సన్నజాజి ఏసాను. సామంతి కూడా ఉంటే కార్తీకం దాటిపోతాది."

"బంతినారు ఇస్తాను, పట్టుకెళ్ళండి."

"బంతొద్దండి. ఏటా ఇత్తనం ఏసేవోలు ఉండాల. ఒకపాలి నాటితే ఏటేటా దానంతట అదే పూసేది కావాలండి."

"కోరికలు బాగానే ఉన్నాయి. ఇంతకీ ఎవరికోసం?"

రాణి అనూరాధ ముఖంలోకి చూసింది. ఏదో చెప్పబోయి, హాల్లో ఉన్నవాళ్ళందరినీ చూసి ఆగిపోయింది.

"సుట్టాలకండి."

"అయితే ఆ చుట్టాలనే రమ్మనండి. అడుక్కునేవాళ్ళకి పంచడానికి మేం మొక్కలు పెంచడం లేదు."

మాట ఎక్కువైందని అనూరాధకూ తెలుసు. కానీ పక్కనున్నవాళ్ళు బాగా అడిగావన్నట్టు చూస్తుంటే వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

రాణి ఖాళీ సంచి మడిచి, అందరికీ నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే అనూరాధ ఆవిడ పేరు వాట్సాప్ గ్రూపులోంచి తీసేసింది.

భాద్రపదంలో ఒక ఫోన్ వచ్చింది.

"పద్మనాభం హోమ్ నుంచి మాట్లాడుతున్నానండి. మీ అక్క తాయారుగారు అన్నం ముట్టడం లేదు. ఒకసారి వస్తే బాగుంటుంది."

అనూరాధకు ఒక అక్క ఉందని ఆ అపార్ట్‌మెంట్‌లో ఎవరికీ తెలియదు. మతి స్థిమితం లేని అక్కని ఆ హోమ్‌లో చేర్చి, మా ఇంట్లో నేనొక్కదాన్నే ఆడపిల్లనని చెప్పుకుని బతుకుతోంది. మొదట్లో పండగలకి వెళ్ళేది. తర్వాత అదీ మానేసింది. అక్కనలా చూసి తట్టుకోలేనని తనకి తాను సర్దిచెప్పుకుంది గానీ, అసలు సంగతి నామోషీ.

హోమ్ గేటు దాటగానే ఆవిడ కాళ్ళు ఆగిపోయాయి.

వరండా పొడవునా మొక్కలే. స్తంభానికి సన్నజాజి ఎగబాకింది. దాని కింద పసుపు కనకాంబరం విరగబూసింది. ఆ రంగు కనకాంబరం సంఘం మొత్తంలో తన మిద్దె మీద తప్ప ఎవరి దగ్గరా లేదు.

చివర ఒక మడి మాత్రం తవ్వి, ఎరువు కలిపి, ఖాళీగా వదిలేసి ఉంది.

"ఇవన్నీ ఎవరు వేశారు?"

"రాణిగారని, గాజువాకావిడ," అంది హోమ్ చూసుకునే సూర్యకాంతమ్మ. "వాళ్ళమ్మ ఇక్కడే ఉండేవారు. ఆవిడ పోయాక కూడా ఈవిడ రావడం మానలేదు. వచ్చినప్పుడల్లా అందరికీ తల దువ్వి పూలు పెట్టేవారు. తల్లో పూలు లేకపోతే మీ అక్కగారు అన్నం తినరు కదా. మల్లెలు అయిపోతే కష్టమని ఈ మొక్కలు వేశారు. ఈమధ్య వాళ్ళాయన పని పారాదీప్‌కి మారింది. తను లేకపోయినా పూలు ఆగకూడదని ఎంత తిరిగారో. ఆ మడిలో చామంతి వేద్దామనుకున్నారు, దొరకలేదట."

"వెళ్ళిపోయారా?"

"శ్రావణంలోనే వెళ్ళిపోయారండి. మీకు మొక్కలంటే ప్రాణమని మీ అక్కగారు చెబితేనే ఆవిడ మీ సంఘం వెతుక్కుని చేరారు. మీ చేతి పూలు అక్కగారి తలకెక్కాలని. మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. అంతమందిలో నిలబెట్టి అడిగినా చెప్పలేదు. ఆవిడ ఒక్క మాట అని ఉంటే అనూరాధ పరువు ఆ హాల్లోనే పోయేది.

"ఇప్పుడు పూలకి లోటు లేదు," అంది సూర్యకాంతమ్మ. "కానీ ఎవర్నీ తల ముట్టుకోనివ్వడం లేదు. సొంత చెల్లెలు కదా, మీరు పెడితే ఒప్పుకుంటారేమోనని పిలిచాను."

అనూరాధ గుప్పెడు కనకాంబరాలు కోసుకుని లోపలికి వెళ్ళింది.

తాయారు మంచం మీద జుట్టు విరబోసుకుని, గుమ్మం వైపే చూస్తూ కూర్చుని ఉంది. బాగా చిక్కిపోయింది.

"అక్కా, నేను. అనూని."

తాయారు ఆ ముఖాన్ని చాలాసేపు పరకాయించి చూసింది. జుట్టు మీద చెయ్యి వెయ్యబోతే మర్యాదగా పక్కకి జరిగింది.

"వద్దమ్మా. మీరెవులో నాకు తెల్దు," అంది. "మా సెల్లి అనూరాధ ఆదివారం ఆదివారం గాజువాక నుంచి వత్తాది. అదే దువ్వుతాది."