తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు

ముసలాయన అడక్కుండా వచ్చి సాంబమూర్తి నుదుటి మీద చెయ్యి వేశాడు.

ఉదయలక్ష్మికి ఒళ్ళు మండింది.

మూడు రోజులుగా చూస్తోంది ఆయన్ని. పొద్దున్నే వచ్చి వార్డు గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చుంటాడు. మాసిన పంచె, మెడలో గులాబీ కండువా. ఆయన తాలూకు రోగి ఎవరూ వార్డులో ఉన్నట్టు లేరు. నిన్న ఉండబట్టలేక అడిగింది, మీవాళ్ళు ఏ బెడ్ అని. "ఇక్కణ్నే బిడ్డా" అని గడ్డంతో తమ వైపే చూపించాడు. ఏడో నంబర్ బెడ్ మీద తన భర్త తప్ప ఎవరున్నారు?

బయట తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. బస్సుల్లేవు, ఆ రోజు బంద్ కూడా. తెనాలి నుంచి వచ్చి పదహారేళ్ళుగా చంపాపేటలో ఉంటోంది. అయినా ఈ మధ్య యాస బయటపడుతుందని కూరగాయల బండి దగ్గర కూడా నోరు విప్పడం మానేసింది. అలాంటిది ఆ కండువా మంచం దాకా వచ్చేసింది.

"సార్ ఒళ్లు కాలుతున్నది బిడ్డా. జర చెయ్యి పెట్టి సూడు."

"జ్వరం లేదండీ. అదిగో, రాశారు కదా."

మంచం కాళ్ళ దగ్గర జ్వరం రాసే కాగితాల అట్ట వేలాడుతోంది. ఎల్బీనగర్‌లోని ఆ నర్సింగ్ హోమ్‌లో పాత కాగితాలు తీసే తీరిక ఎవరికీ లేదు. వాటి మీదే కొత్తది బిగిస్తారు. పై కాగితంలో ప్రతి గడిలోనూ 98.4 అని ఉంది. సాంబమూర్తి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో లెక్కల మాస్టారు. లెక్కల మాస్టారి భార్య అంకెల్ని నమ్మక ఇంకెవర్ని నమ్ముతుంది?

"ఇప్పుడు టైమెంత బిడ్డా?"

"పదకొండు."

"మరి రెండింటిది, ఆరింటిది గూడ గిప్పుడే ఎట్ల రాసిండ్రు?"

ఉదయలక్ష్మి వంగి చూసింది. నిజమే. మధ్యాహ్నం రెండింటి గడి నిండి ఉంది. సాయంత్రం ఆరింటి గడీ నిండి ఉంది.

సూదిమందుల ట్రే పట్టుకుని వచ్చిన నర్సు విజయశ్రీని అడిగింది.

"అన్నీ ఒక్కసారే రాస్తమండీ. నలభై మంది పేషెంట్లు, ఇద్దరం సిస్టర్లం. రెండ్రోజులాయె నేను ఇంటికి పోక." ఆమె కళ్ళ కింద నల్లగా ఉంది. "అయినా ఇదంతా మీకు ఎవరు చెప్పిన్రు? ఈయన మీ మనిషా?"

ముసలాయన ఉదయలక్ష్మి వైపు చూశాడు.

ఔనంటే చాలు. ఎవరూ ఆయన్ని కదపరు. కానీ నర్సుతో పేచీ పెట్టుకుంటే వేసే ఆ ఒక్క సూదీ వెయ్యదేమో. పైగా ఆ కండువా.

"కాదు. ఎవరో నాకు తెలీదు."

విజయశ్రీ పిలిస్తే వాచ్‌మన్ వచ్చాడు.

"సీతారాములు తాతా, మల్ల వచ్చినవా? నా నౌకరి పోతది. నడువు జర."

ఆయన పేచీ పెట్టలేదు. జేబులోంచి థర్మామీటర్ డబ్బా తీసి ఉదయలక్ష్మి చేతిలో పెట్టాడు.

"కొత్తదే బిడ్డా. ఒక్కపారి గూడ పెట్టలే. నువ్వే సూస్కో, ఆల్లను అడగకు."

పీడ విరగడైందనుకుంది. డబ్బాని దిండు పక్కన పడేసింది.

ఒంటిగంటకి సాంబమూర్తి కళ్ళు మూసుకునే పాఠం మొదలుపెట్టాడు. "వెనక బెంచీ, ఈ స్టెప్పు రాసుకున్నారా?" అన్నాడు. పెదాలు ఎండిపోయాయి. ఆమె ఆ డబ్బా తెరిచి థర్మామీటర్ పెట్టింది.

నూట నాలుగు దాటింది.

"మీ థర్మామీటర్ ఖరాబైందేమో" అంది విజయశ్రీ. డాక్టరుగారు ఎప్పుడొస్తారంటే, బంద్ కదా అంది.

ఇక ఉదయలక్ష్మి ఎవర్నీ అడగలేదు. 108కి తనే ఫోన్ చేసింది. మంచానికున్న అట్టని ఊడబెరికి చంకలో పెట్టుకుంది. విజయశ్రీ వద్దన్నా వినలేదు.

ఎల్బీనగర్ చౌరస్తాలో సమ్మె వాళ్ళు నిరసనగా నడిరోడ్డు మీద వంటావార్పు చేస్తున్నారు. అంబులెన్స్ కూత విని గులాబీ కండువాల వాళ్ళే పరుగున వచ్చి, ఉడుకుతున్న గుండిగని పొయ్యి మీంచి దింపి దారి ఇచ్చారు. అద్దంలోంచి ఆమె ఒక్కో ముఖమే వెతికింది. ఆయన లేడు.

దిల్‌సుఖ్‌నగర్ ఆసుపత్రిలో సాయంత్రానికి జ్వరం దిగింది. సాంబమూర్తి మంచినీళ్ళు అడిగి తాగాడు.

"ఇంకో రెండు గంటలైతే మా చేతుల్లో ఉండేది కాదమ్మా" అంది డాక్టర్ ఇంద్రాణి. "వాళ్ళు నార్మల్ అని రాశారు. మరి జ్వరం కనిపెట్టిందెవరు?"

"ఎవరో ఒకాయనండీ. నేనే... తెలీదన్నాను." రేపే వెళ్ళి ఆయన్ని వెతకాలి. ఎక్కడని వెతకాలి? ఊరేదో కూడా అడగలేదు.

డాక్టర్ అట్టకున్న కాగితం తిప్పింది. కింది కాగితం చూసి ఆగిపోయింది.

"ఇది మీవారిది కాదు. పాత పేషెంటుది, పోయిన ఆదివారానిది. ఆవిడ మధ్యాహ్నం మూడింటికి చనిపోయిందని ఇక్కడ రాశారు. ఇటు చూడండి, ఆ సాయంత్రం ఆరింటికి ఆవిడకి 98.4 ఉందట."

ఉదయలక్ష్మి కాగితం అందుకుంది.

పై వరసలో ఉంది: కౌసల్యమ్మ, అరవై రెండేళ్ళు, బెడ్ నంబర్ ఏడు, భర్త పేరు సీతారాములు.