ఐదు నిమిషాల పొర

“తీగెలు గట్టిగ పట్టుకోండ్రి సార్. ఇడిచిపెడితే మళ్ల మొదటికొస్తది,” అన్నాడు సాంబయ్య.

ధర్మపురిలో సాంబయ్య రేడియో రిపేరు దుకాణం అది. గోదావరి నీటిమట్టం కొలిచే పెట్టెలోని సెల్లుకు టార్చిలైటు బుగ్గ తగిలించి, ఇంజనీరు శ్యాంసుందర్‌రావు నిలబడే పట్టుకున్నాడు. సాయంత్రమే ఆ పెట్టెకు తనిఖీ ఉంది. పక్కన కుర్చీ ఖాళీగానే ఉన్నా సాంబయ్య కూర్చోమనలేదు. ఆయన ఇలా తన ముందు నిలబడే రోజు కోసమే ఆరేళ్లు కాచుకున్నాడు.

బుగ్గ మిణుకుమిణుకుమంటోంది.

“ఇది సచ్చిన సెల్లే సాంబయ్యా. మీటరు ముల్లు లేస్తలేదు.”

“ఆరేండ్ల కింద గిదే మాటన్నరు. సచ్చిన సెల్లేసి వరద లెక్క చెడగొట్టిన్నని నా నౌకరి తీసిండ్రు. ఐదు నిమిషాలు ఆగుండ్రని కాళ్లు మొక్కిన. ఆగలే.”

నాలుగో నిమిషంలో బుగ్గ నిండుగా వెలిగింది. మీటరు ముల్లు పైకి లేచింది.

ఇంజనీరు మొహం పాలిపోయింది. “అంటే ఆనాడు గూడ...”

“మస్తు రోజులు ఊకె ఉంటే లోపల లిథియం మీద పొర కడ్తది సార్. జర పని జెప్తే ఇరుగుతది.”

“ఆ పొర అసలే లేకుంట చెయ్యరాదా?”

“పొర లేకుంటె సెల్లు తనను తానే తిని ఎప్పుడో సస్తుండె. ఆరేండ్లు నన్ను బతికిచ్చింది గూడ గసొంటి పొరనే.”

సాంబయ్య సెల్లును సొరుగులో పెట్టి తాళం వేశాడు. తెల్లకాగితం ముందుకు నెట్టాడు.

“ఆనాడు తప్పెవరిదో రాయుండ్రి సార్. ఐదు నిమిషాలు నేను ఆగుత.”